ఆగిపోయిన శాసనానికి యజమాని ఎవరు?

పార్టీల తగాదాలవల్ల దేశానికి కావలసిన శాసనాలు నిలిచిపోతున్నాయనే మాట ఈనాడు అన్ని వైపులనుంచీ వినవస్తోంది. సరుకులు, సేవల పన్ను సంగతి 2006 బడ్జెటులో ప్రకటిస్తే అది అమలులోకి రావటానికి 2017 జూలై దాకా పట్టింది. విద్యుచ్ఛక్తి చట్టానికి సవరణ బిల్లు 2014లో ఒకసారి, 2022లో ఒకసారి లోకసభ ముందుకు వచ్చి, రెండుసార్లూ ఆయా సభలతోపాటే మురిగిపోయింది. బొగ్గు గనులను పోటీ వేలంలో ఇవ్వాలని 2004లో అనుకున్నదానికి 2010 దాకా చట్టం లేదు. 2009 నుంచి 2014 దాకా నడిచిన పదిహేనవ లోకసభ తాను కేటాయించుకున్న కాలంలో సుమారు 61 శాతమే పనిచేసింది. ఇటువంటి లెక్కలు చూపించి, రాజకీయాలు పక్కనబెట్టి దేశం సంగతి చూడండని వర్తక సంఘాలవారూ, పత్రికా సంపాదకులూ హితవు చెబుతూంటారు.

ఈ హితవు విని మనవాళ్ళలో కొందరు నవ్వి ఊరుకుంటారు. పెట్టుబడిదారీ పార్లమెంటులో ఎంత ఆలస్యమైతే శ్రామిక ప్రజలకు అంత మేలనీ, ఆగిన ప్రతి బిల్లూ ఒక విజయమేననీ వారి అభిప్రాయం. ఒకరు ఆలస్యాన్ని పాపమంటారు. ఇంకొకరు పుణ్యమంటారు. ఈ రెండు వాదాలూ ఒకే పునాదిమీద నిలబడి వున్నాయని నాకు తోస్తుంది. ఆలస్యానికి దానంతటదిగా ఒక గుణం వుందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఆగింది ఏమిటి, ఆగినంతకాలం దాని స్థానంలో నడిచింది ఏమిటి, ఆ నడిచినదానివల్ల ఎవరి పెట్టె నిండింది, ఎవరి పొయ్యి ఆరింది అని ఇద్దరిలో ఎవరూ అడగటం లేదు. ఒక శాసనాన్ని ఆపటం ఎప్పుడు ధర్మం, ఎప్పుడు అధర్మం అనే ప్రశ్నకు ఈ విచారణ లేకుండా జవాబు దొరకదు. విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ ఇది తీరికవేళ తర్కం కాదు. రేపు ఏ ఊరేగింపులో నడవాలో, ఏ నినాదం పలకాలో దీన్నిబట్టే తేలుతుంది.

శాసనం ఆగిపోవటమంటే రైలు ఆగిపోవటంవంటిదని సామాన్యంగా అనుకుంటాం. రైలు ఆగితే పెట్టెలోవున్న అందరికీ ఆలస్యమే. శాసనం అటువంటిది కాదు. కొత్త శాసనం ఆగిన చోట శూన్యం వుండదు. అక్కడ పాత పద్ధతి రాజ్యం చేస్తుంది. పాత పద్ధతికి యజమానులు వున్నారు. కొత్తది ఆగినన్నాళ్ళూ వారికి ప్రతిరోజూ పండగే.

బొగ్గు సంగతి చూడండి. 1973లో బొగ్గు గనులు జాతీయమైనాయి. 1993నుంచి ఉక్కు, సిమెంటు, విద్యుచ్ఛక్తి కంపెనీలకు వారి సొంత వాడకంకోసం గనులు కేటాయిస్తూ వచ్చారు. ఏ గని ఎవరికివ్వాలో ఒక పరిశీలక సంఘం కూర్చుని తేల్చేది. వేలం లేదు, ధర లేదు. ఈ పద్ధతి మార్చి పోటీ వేలం పెట్టాలని 2004లో కేంద్రప్రభుత్వం తలపెట్టింది. అందుకు కావలసిన చట్టసవరణ 2010లోగాని రాలేదు. ఈ ఆరేళ్ళలో గనుల పంపకం ఆగిందా? ఆగలేదు. పాత పద్ధతిలోనే పంచుతూ పోయారు. 2012 ఆగస్టులో ఆడిటరు జనరల్ నివేదిక ఆ పంపకంవల్ల ప్రైవేటు కంపెనీలకు కలిగిన లాభాన్ని 1.86 లక్షల కోట్ల రూపాయలుగా అంచనా కట్టింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 1993నుంచి ఇచ్చిన గనుల్లో 214 కేటాయింపులను రద్దుచేసింది.

ఆ ఆరేళ్ళ ఆలస్యానికి ఒక్క పార్టీని తప్పుపడితే సరిపోదు. కేంద్రంలో వున్న కాంగ్రెసు ప్రభుత్వం తన మాట తాను నిలబెట్టుకోవటానికి తొందరపడలేదు. భారతీయ జనతాపార్టీ పాలించే రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు వేలానికి అభ్యంతరం చెప్పాయి. ఒరిస్సా, జార్ఖండ్ చెప్పాయి. ఆనాడు వామపక్షాలు పాలిస్తున్న పశ్చిమ బెంగాలు కూడా చెప్పింది. వేలం పెడితే బొగ్గు ధర, దానితోపాటు కరెంటు ధర పెరుగుతాయనీ, గని ఎవరికివ్వాలో చెప్పే హక్కు రాష్ట్రాలకు పోతుందనీ వారి వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే వేలం వద్దన్నవారు, వేలం లేనప్పుడు ఆ గనులు ఎవరి చేతికి వెళుతున్నాయో దానికి కూడా జవాబు చెప్పవలసివుంది. వద్దనటం ఎంత పనో, వద్దన్న తర్వాత మిగిలినదాన్ని భరించటం అంత పని. మన వామపక్షానికి కూడా ఈ లెక్కనుంచి మినహాయింపు లేదు.

తరువాతి కథ ఇంకా విచిత్రం. ఆడిటరు నివేదిక బయటపడగానే 2012 వర్షాకాల సమావేశాలను భారతీయ జనతాపార్టీ దాదాపు మొత్తంగా స్తంభింపజేసింది. ప్రధాని రాజీనామా చేయాలన్నది వారి కోరిక. సభను నడవనీయకపోవటం కూడా ప్రజాస్వామ్యంలో ఒక పద్ధతేనని ఆ పార్టీ నాయకులు బాహాటంగా సమర్థించుకున్నారు. దేశం భూగర్భ సంపద ఎవరిది, దాన్ని ఏ నియమంమీద తవ్వాలి అన్న ప్రశ్న మాత్రం ఆ గలభాలో ఎవరి నోటా రాలేదు. 2014లో అదే పార్టీ గద్దెనెక్కింది. గనుల రద్దు తీర్పు రాగానే ఆర్డినెన్సు, ఆ వెనక మరొకటి, 2015లో చట్టం. వేలంతోపాటు, 1973లో జాతీయమైన బొగ్గును ప్రైవేటు కంపెనీలు తవ్వి బజారులో అమ్ముకునే ద్వారం కూడా ఆ చట్టంలోనే తెరుచుకున్నది. 2020లో ఆ వ్యాపారపు వేలాలు మొదలైనాయి. అవినీతిమీద ప్రజలకు వచ్చిన కోపం, జాతీయ ఆస్తిని అమ్మటానికి పెట్టుబడి అయింది.

కనుక ఆలస్యం పుణ్యమనే మిత్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి: ఆగిన శాసనానికి ఎప్పుడూ ఒక యజమాని వుంటాడు. అతడెవరో తెలుసుకోకుండా సంబరపడరాదు.

ఇక వేగం సంగతి. ఆలస్యం చెడ్డదైతే దానికి విరుగుడు వేగమే కదా అని వర్తక సంఘాలవారు వాదిస్తారు. మన తెలుగువారికి ఈ విరుగుడు రుచి బాగా తెలుసు. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. అధికారపక్షానికి కావలసినంత మెజారిటీ వుంది. ప్రపంచబ్యాంకు రుణం గుమ్మంలో కాచుకుని వుంది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ఉత్పత్తికి ఒకటి, సరఫరాకు ఒకటిగా చీల్చారు. 2000లో పంపిణీని నాలుగు కంపెనీలకు పంచారు. అదే సంవత్సరం ఛార్జీలు పెరిగాయి. సభలో ఆగని బిల్లు వీధిలో ఆగింది. వామపక్షాలూ, కాంగ్రెసూ కలిసి నడిపిన ఆందోళనలో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. సభలో నాలుగు వారాల చర్చను ఆదా చేసుకున్న వేగానికి వీధిలో మూడు ప్రాణాలు ఖర్చయినాయి.

2020లో మూడు వ్యవసాయ చట్టాలదీ ఇదే దారి. ముందు ఆర్డినెన్సులు, తరువాత, స్థాయీసంఘం ముఖం చూడకుండానే బిల్లులు, రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టమన్నా లెక్కపెట్టకుండా మూజువాణితో ఆమోదం. రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ పొలిమేరల్లో ఎండకూ చలికీ కూర్చున్నారు. 2021 నవంబరు 29న ఆ చట్టాల రద్దును పార్లమెంటు ఆమోదించింది. రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే రెండు సభలూ ఒక్కరోజులో దాటింది. పుట్టినప్పుడు చర్చ లేదు, చచ్చినప్పుడూ చర్చ లేదు. ఆ చట్టాలు ఎందుకు మంచివో, ఎందుకు చెడ్డవో పార్లమెంటు రికార్డు చదివి తెలుసుకోగోరే విద్యార్థికి అందులో దొరికేది తక్కువ.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతున్నది. చర్చ లేని ఆలస్యమూ, చర్చ లేని వేగమూ రెండూ ఒక తల్లి బిడ్డలే. రెండింటిలోనూ సభకు వెలుపల వున్న ప్రజలను లెక్కచేయకపోవటం వుంది. పార్టీల తగాదా ఎక్కువైంది అనటం సరిగాదు. అసలు విషయంమీద తగాదా చాలా తక్కువగా వుంది. ఎవరు తెచ్చారన్నదానిమీద తగాదా చాలా ఎక్కువగా వుంది.

ఈ రెండు తగాదాలను విడదీయటం ఎట్లా? ఒక సులువైన పరీక్ష వుంది. సభలో కుర్చీలు మారినప్పుడు మాటలు కూడా మారుతున్నాయా అని చూడాలి. సరుకులు, సేవల పన్ను బిల్లును 2011లో కాంగ్రెసు ప్రభుత్వం తెచ్చినప్పుడు భారతీయ జనతాపార్టీ పాలించే గుజరాతు, మధ్యప్రదేశ్ రాష్ట్రాలు ఆదాయం పోతుందని గట్టిగా అడ్డుపడ్డాయి. 2014 డిసెంబరులో భారతీయ జనతాపార్టీ ప్రభుత్వం తెచ్చినప్పుడు కాంగ్రెసు రాజ్యసభలో ఆపింది. ఆపటంవల్ల కొంత మేలు జరిగిన మాట నిజమే; వస్తువు ఒక రాష్ట్రంనుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళేటప్పుడు వేయదలచిన ఒక శాతం అదనపు పన్ను ఆ పట్టుదలవల్లనే పోయింది. చివరకు 2016 ఆగస్టు 3న ఒక్క వ్యతిరేకపు ఓటూ లేకుండా రాజ్యసభ దాన్ని ఆమోదించింది. పదేళ్ళు కత్తులు దూసినవారు ఒక్క పూటలో ఏకగ్రీవమైనారు. మరి పదేళ్ళపాటు కొట్లాట దేనిమీద జరిగినట్టు? పన్ను కట్టే కూలివాడు తన సంపాదనలో ఎంత భాగం ఖజానాకు పోస్తున్నాడు, మేడలో వుండేవాడు ఎంత పోస్తున్నాడు అన్న ప్రశ్నమీద మాత్రం ఆ కొట్లాట జరగలేదు. పెట్రోలు, డీజిలు ఆ పన్ను వెలుపలే వుంచుదామనటంలో కూడా పార్టీలకు పేచీ రాలేదు.

అణువిద్యుత్తు ఉదాహరణ ఇంతకన్నా బోధకమైనది. అణుప్రమాదాలకు నష్టపరిహారం చెల్లించే బిల్లు 2010లో పార్లమెంటుకు వచ్చింది. నిర్వాహకుడు చెల్లించవలసిన పరిమితి చివరకు 1,500 కోట్ల రూపాయలైంది. యంత్రాలు అమ్మిన కంపెనీని ఆ తరువాత నిలదీసే హక్కు నిర్వాహకుడికి వుంటుందా అనేది అసలు చిక్కు. ఆ జూన్ 7వ తేదీననే భోపాల్ కోర్టు తీర్పు వచ్చింది. 1984 డిసెంబరులో వేలమందిని చంపిన విషవాయువు కేసులో కంపెనీ భారతీయ అధికారులకు రెండేళ్ళ శిక్ష వేసి బెయిలుమీద వదిలారు. దేశం ఉడికిపోయింది. ఆ వేడిలో పదిహేడవ సెక్షనుమీద జరిగిన పోరు చదవదగ్గది. రెండు ఉపనిబంధనల మధ్య ‘మరియు’ అన్న ఒక్క మాట చేరిస్తే చాలు, కంపెనీ తప్పించుకుపోతుంది. ఆ మాట చేర్చారు. ప్రతిపక్షాలు పట్టుకున్నాయి. అది తీసేసి, కంపెనీ ‘ఉద్దేశపూర్వకంగా’ చేసినప్పుడే అన్న అర్థం వచ్చేటట్టు రాశారు. దాన్నీ పట్టుకున్నారు. వామపక్షాలు బిల్లును మొదటినుంచీ వ్యతిరేకించాయి. భారతీయ జనతాపార్టీ బేరమాడి సవరణలు చేయించి ఓటు వేసింది. లోపమున్న యంత్రం అమ్మినవాడిని నిలదీయవచ్చుననే నిబంధన చివరకు చట్టంలో నిలిచింది. ప్రతిపక్షం ఒక బిల్లును ఆపి, దులిపి, మెరుగుపరచి పంపటం ఎట్లావుంటుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

2014 తరువాత ఏమైంది? నిబంధన పెట్టించామని చెప్పుకున్న పార్టీయే ప్రభుత్వం చేసింది. 2015 ఫిబ్రవరిలో, ఆ నిబంధన హక్కును ఇస్తుందేగాని తప్పనిసరి చేయదని విదేశాంగశాఖ వివరణ ప్రకటించింది. అదే సంవత్సరం యంత్రాల కంపెనీలను కాపాడే భీమా నిధిని ఏర్పాటుచేసింది. 2025 డిసెంబరు 15న కొత్త అణుశక్తి బిల్లు లోకసభలో ప్రవేశించి, 18వ తేదీకల్లా రెండు సభలూ దాటింది. సంఘానికి పంపండని ప్రతిపక్షం అడిగినా వినలేదు. 1962నాటి అణుశక్తి చట్టం, 2010నాటి నష్టపరిహార చట్టం రెండూ దానితో రద్దయినాయి. ప్రైవేటు కంపెనీలకు రియాక్టర్ల తలుపు తెరుచుకున్నది. లోపమున్న యంత్రం అమ్మినవాడిని నిలదీసే ఆ నిబంధన కొత్త చట్టంలో లేదు. అది ఏమైందని సభలో అడిగినవారిలో, 2010లో దాన్ని పలచన చేయటానికి పాటుపడిన కాంగ్రెసువారు కూడా వున్నారు. కుర్చీలు మారాయి. మాటలు కూడా కుర్చీలతోపాటు పోయి కూర్చున్నాయి.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వున్న మత్స్యకారుడికి ఇదంతా దూరపు సంగతి కాదు. 2009లో అక్కడ అణువిద్యుత్ కేంద్రం కట్టటానికి సూత్రప్రాయంగా నిర్ణయమైంది. మొదట ఒక అమెరికన్ కంపెనీ, తరువాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. యంత్రం అమ్మేవాడి బాధ్యత తేలక ఒప్పందం ఏళ్ళ తరబడి సాగింది. పదిహేనేళ్ళు దాటినా ఒక్క రియాక్టరూ లేవలేదు. భూమి పోతుందో వుంటుందో తెలియని ఊళ్ళో ఎవరూ కొత్త ఇల్లు కట్టుకోరు, పిల్లకు సంబంధం కుదుర్చుకోవటానికి కూడా వెనకాడతారు. రేపు అక్కడ రియాక్టరే లేస్తే, లోపమున్న యంత్రం అమ్మినవాడిని నిలదీసే నిబంధన చట్టంలో వుండదు. ఆలస్యంలోని బాధ అంతా అతడే పడ్డాడు. ఆలస్యంవల్ల దొరికిన ఒక్క రక్షణా మూడురోజుల వేగంలో పోయింది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వుంది. పార్టీల ఉద్దేశాలతో మనకేమి పని, ఫలితం మంచిదైతే చాలదా అని అడగవచ్చు. ఈ వాదానికి చరిత్రలో బలమైన సాక్ష్యమే వుంది. ఇంగ్లండులో 1847లో పదిగంటల పని చట్టం వచ్చింది. జౌళి మిల్లుల్లో స్త్రీలూ, చిన్నవయసువారూ రోజుకు పదిగంటలకు మించి పనిచేయరాదని ఆ చట్టం. దానికి ఓట్లు వేసినవారిలో భూస్వాములు చాలామంది వున్నారు. మిల్లు యజమానులు అంతకు ముందటి సంవత్సరం ధాన్యపు చట్టాలను రద్దుచేయించి భూస్వాముల నోట్లో మట్టికొట్టారు. ఆ కసి తీర్చుకోవటానికి వీరు కూలివాడి పక్షాన చేయెత్తారు. అచ్చమైన పార్టీ కక్ష! అయినా 1864లో మార్క్సు ఆ చట్టాన్ని శ్రామికవర్గం సూత్రానికి దొరికిన విజయంగా ఎంచాడు. మరి ఉద్దేశంతో పనేముంది?

ఈ ఆక్షేపణకు నా సమాధానం ఇది. ఆ విజయం భూస్వాముల కసిలోనుంచి పుట్టలేదు. పదిగంటలు అన్న అంకెను భూస్వాములు కనిపెట్టలేదు. దాని వెనక కార్మికుల ముప్ఫై ఏళ్ళ పోరాటం వుంది. పైవారి కక్ష ఒక తలుపు తెరిచింది, అంతే. లోపలికి రావటానికి కార్మికులు తమ కాగితం రాసుకుని గుమ్మంలో సిద్ధంగా వున్నారు. చట్టం వచ్చిన తరువాతకూడా మిల్లు యజమానులు వంతుల పద్ధతి పెట్టి దాన్ని వమ్ముచేయబోయారు. కార్మికులు నిద్రపోలేదు గనుక 1850లోనూ, 1853లోనూ చట్టాన్ని మళ్ళీ బిగించవలసి వచ్చింది. మన 2010నాటి నిబంధనకు ఈ కాపలా లేదు. అది భోపాల్ శవాలమీద పుట్టినా, పార్టీల బేరంలో పెరిగింది. ఆ నిబంధన మాది అని గ్రామగ్రామాన చెప్పి, పట్టుకు కూర్చున్న ప్రజాసంఘాలు చాలినన్ని లేవు. పార్టీ అవసరం తెచ్చిన మేలు, ప్రజలు దాన్ని తమదిగా పట్టుకోకపోతే, పార్టీ అవసరంతోనే పోతుంది. బషీర్‌బాగ్ తరువాత జరిగింది కూడా ఇదే. ఆ ఆందోళన ఫలితం అందుకుని 2004లో కాంగ్రెసు గెలిచింది. కొత్త ముఖ్యమంత్రి పదవీ స్వీకారం రోజునే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రంమీద సంతకం పెట్టాడు. రైతుకు అది నిజమైన మేలు. కాని చీల్చిన బోర్డును ఎవరూ తిరిగి కలపలేదు. ఆందోళనలో ఓట్లు రాల్చే భాగం తీసుకుని, వ్యవస్థను మార్చమన్న భాగాన్ని పక్కనపెట్టారు.

ఆలస్యాన్ని విజయమనుకునే మిత్రులకు చెప్పవలసిన మాట మరొకటి వుంది. సభలో ఆగిన బిల్లు ఒక్కొక్కప్పుడు దొడ్డిదారిన ఇంట్లోకి వస్తుంది. విద్యుచ్ఛక్తి సవరణ బిల్లును రైతులూ, విద్యుత్ ఉద్యోగులూ, అనేక రాష్ట్రాలూ వ్యతిరేకించాయి. 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. ఆ బిల్లు చట్టం కాలేదు. అయితే 2021-22నుంచి నాలుగేళ్ళపాటు, విద్యుత్ సంస్కరణలు అమలుచేసే రాష్ట్రాలకు రాష్ట్ర ఉత్పత్తిలో అర శాతం మేరకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలు కల్పించారు. వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు బిగించటం ఆ సంస్కరణల్లో ఒకటి. తెలంగాణ బిగించనన్నది, అప్పు వదులుకున్నది. ఆంధ్రప్రదేశ్ సరేనన్నది, శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలుపెట్టింది. పార్లమెంటు ఓటు వేయని మాట అప్పు షరతుగా రైతు పొలంలోకి వచ్చింది. ఆనాడు ఆంధ్రలో మీటర్లను తిట్టిన ప్రతిపక్షం 2024లో అధికారంలోకి వచ్చింది. మీటర్ల పని ఆగలేదు. ఇళ్ళకూ దుకాణాలకూ స్మార్టు మీటర్లు వద్దని 2025లో వామపక్షాలు మళ్ళీ వీధిలోకి రావలసి వచ్చింది.

బిల్లు మురిగిపోయినంతమాత్రాన పంపిణీ కంపెనీల నష్టాలు మురిగిపోలేదు. రాత్రివేళ పొలానికి వెళ్ళి మోటారు వేసుకునే రైతు అవస్థ తీరలేదు. చెడ్డ మందు వద్దనటం న్యాయమే. కాని రోగం అట్లాగే వుండగా, మనదగ్గర వేరే మందు లేకపోతే, రోగి ఏదో ఒకరోజు ఆ చెడ్డ మందుకే చేయి చాపుతాడు. ఉచిత విద్యుత్తు ఖర్చు ఎవరు భరించాలి, పెద్ద కమతాలవారికీ, చిన్న కమతాలవారికీ ఒకే లెక్క వుండాలా, పంపిణీ సంస్థ ప్రజల చేతిలో వుంటూనే ఎట్లా బాగుపడుతుంది అనే ప్రశ్నలకు మన బిల్లు మనం రాసుకోకపోతే, ఇతరులు రాసిన బిల్లును వ్యతిరేకిస్తూ వుండటమే మన వృత్తి అవుతుంది.

పార్టీల ఈ ధోరణికి సభ్యుల గుణదోషాలే కారణమంటే విషయం సగమే చెప్పినట్టు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టం అమ్ముడుపోయే సభ్యులను ఆపటానికి పుట్టింది. కాని అది ప్రభుత్వం నిలబడటం, పడిపోవటంమీద ఓటుకూ, బొగ్గు బిల్లులో ఒక క్లాజుమీద ఓటుకూ తేడా చూపకుండా రాసుకున్నారు. విప్పు జారీ అయిన తరువాత సభ్యుడు బిల్లు చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే. చదివి ప్రయోజనం లేనప్పుడు ఎవడు చదువుతాడు? దీనికితోడు కంపెనీల చందాలతో నడిచే పార్టీలు, కంపెనీలతో వున్న అసలు పేచీని సభలో పెంచవు. పెంచటానికి ప్రమాదంలేని పేచీలను పెంచుతాయి. కేకలు ఎంత పెద్దవైతే, మౌనంగా వుంచిన విషయం అంత పెద్దదని అనుమానించటం మంచిది.

అందువల్ల ఒక శాసనాన్ని ఆపేవారిని మూడు ప్రశ్నలు అడగాలని నేను అనుకుంటాను. ఆగినంతకాలం దీని స్థానంలో ఏది నడుస్తుంది, దానివల్ల ఎవరు బాగుపడతారు? రేపు మీరే అటువైపు కుర్చీలో కూర్చుంటే ఈ మాటే అంటారా? దీనికి బదులు మీరు రాసిన కాగితం ఏది? మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగినవాడు ఎంతకాలం ఆపినా అది పోరాటమే. చెప్పలేనివాడు ఒక్కపూట ఆపినా అది ప్రజల పొట్టకొట్టటమే. తొందరపెట్టి ఆమోదించేవారిని కూడా ఇవే ప్రశ్నలు కొద్ది మార్పుతో అడగవచ్చు. మన పార్టీలను ముందుగా అడగటం మరీ అవసరం. పరాయివాడిని నిలదీసే హక్కు, మనవాడిని నిలదీసినవాడికే వుంటుంది.

పార్టీ వుండటం తప్పు అని నేను అనటంలేదు. వర్గాలు వున్న సమాజంలో పార్టీలు లేని రాజకీయం వుంటుందనేవారు, బలవంతుడి పార్టీ ఒక్కటే మిగలాలని కోరుతున్నారన్నమాట. పార్టీ ఒక పనిముట్టు. నాగలి పొలంకోసం వుంది. పొలం నాగలికోసం లేదు. ఏ బిల్లు వచ్చినా అది మన పార్టీకి లాభమా, నష్టమా అని మొదట లెక్కవేసే అలవాటు, నాగలిని అలంకరించి పొలాన్ని బీడు పెట్టే అలవాటువంటిది.

చట్టసభల్లో ప్రవేశపెట్టిన బిల్లులన్నీ అచ్చయి దొరుకుతున్నాయి. స్థాయీసంఘాల నివేదికలూ దొరుకుతున్నాయి. కరెంటు ఛార్జీలమీద నియంత్రణ మండలులు జరిపే బహిరంగ విచారణలకు ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు. మన కళాశాలల్లో అర్థశాస్త్రం చెప్పేవారూ, చదివేవారూ వేలమంది వున్నారు. ఒక్కొక్క బిల్లును ఒక్కొక్క బృందం తీసుకుని, ఇది ఆగితే ఎవరికేమి, సాగితే ఎవరికేమి అని తేటతెలుగులో రాసి రైతుసంఘానికీ, కార్మికసంఘానికీ అందజేయటం మనచేతిలో వున్న పని. ‘మరియు’ అన్న ఒక్క మాటలో ఎన్నివేలమంది ప్రాణాల ఖరీదు దాగివుంటుందో జనానికి తెలిసిననాడు, దాన్ని చేర్చటానికీ, తీసేయటానికీ ఏ పార్టీ అయినా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.